గుంటలు గుట్టలైన ద్వీపం

సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో టీవీ పక్కన ఒక గుట్ట ఉంది. ఇడ్లీ అంత ఉంటుంది. పలుచటి చెక్క రేకులు ఒకదాని మీద ఒకటి అంటించి, పైన ఆకుపచ్చ రంగు వేసినది. అడుగున ఉలి గాట్లు, ఎండిపోయిన జిగురు. మా మనవరాలు దాన్ని తన బొమ్మలకు టోపీగా పెడుతుంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే, ఈ భూమ్మీద ఎక్కడా లేని గుట్ట అని చెబుతాను. వేళాకోళం అనుకుంటారు. కానీ ఉన్నమాటే చెబుతున్నాను. బార్బడోస్ అనే దేశంలో, ఉండకూడని చోట, మేము లేపిన గుట్ట అది.

నేను రిటైరైంది నమూనాలు తయారుచేసే వర్క్‌షాపు నుంచి. కట్టబోయే కాండో ఫ్లాట్లు, వంతెనలు, కొత్త పేటలు ముందుగా చెక్కతోనూ ప్లాస్టిక్‌తోనూ చిన్నవిగా చేసి చూపించడం మా పని. పుంగ్గోల్‌లో ఈరోజు జనం కాపురం ఉంటున్న బ్లాకులు కొన్ని, మొదట నా బల్ల మీద అగ్గిపెట్టెలంత సైజులో లేచాయి. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వచ్చి మెషీన్ల గురించి అడుగుతుంటారు. మెషీన్ల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అందుకని నేను టీ పెట్టి, ఈ గుట్ట చేతికిచ్చి, దీని కథ చెబుతాను.

మా వర్క్‌షాపు కాకి బుకిట్‌లో, ఫ్యాక్టరీలన్నీ అంతస్తులు అంతస్తులుగా పేర్చిన ఒక భవనంలో ఉండేది. ముగ్గురం ముఖ్యం. యజమాని చైనీస్ సింగపూరియన్, అందరికీ బాస్. పొదుపరి. మాట చివర 'లా' తగిలిస్తాడు, అది ఇక్కడివాళ్ళ అలవాటు. పని బాగుందని నోటితో అనడు, బాగుంటే మాత్రం కిందికి వెళ్ళి అందరికీ కాఫీ తెస్తాడు. రెండోది అక్క. మలేషియాలో ఒక తోటలో పుట్టిన తెలుగు మనిషి, పని కోసం దక్షిణాన ఉన్న సింగపూర్‌కు వచ్చి బిషాన్‌లో స్థిరపడింది. ఆమె తెలుగు వాళ్ళ తాతల నాటిది, మధ్య మధ్య మలాయ్, అరవం దొర్లుతుంటాయి. మూడోవాణ్ణి నేను. బేతంచెర్ల దగ్గర పుట్టి, షిప్‌యార్డులో వడ్రంగి పనికి వచ్చి, అక్కడి నుంచి ఈ బల్ల దగ్గరికి చేరి, ఇక్కడే ఉండిపోయాను.

అక్క పని కంప్యూటర్ మీద. వచ్చిన మ్యాపుల్ని, ప్లాన్లను మా మెషీను కోయగలిగేటట్టు శుభ్రమైన గీతలుగా మార్చేది. శుభ్రం అంటే అక్క శుభ్రం. ఆమె స్క్రీన్ మీద ఒక్క చుక్క అదనంగా ఉండదు. బల్ల మీద దుమ్ము ఉండదు. నా బల్ల వైపు చూసి రోజూ ముఖం చిట్లించేది. "తమ్ముడూ, నీ బల్ల మీద కోడిపిల్లలు పొదగొచ్చు" అనేది. ఆమె గీసిన గీత తప్పని ఎవరూ అనగా నేను వినలేదు. అటువంటి మనిషి చేతిలోనే ఇది జరిగింది.

చిన్న చిన్న ద్వీప దేశాల అధికారులకు సింగపూర్‌లో ఏదో శిక్షణ జరుగుతోంది. అందులో బార్బడోస్ నుంచి వచ్చిన ఒక ప్లానింగ్ అధికారిణి మేము చేసిన ఒక పేట నమూనా ఎక్కడో చూసిందట. తమ ద్వీపానికీ అటువంటిది కావాలని, వెనక్కి వెళ్ళేటప్పటికి తయారుగా ఉండాలని ఆర్డరు ఇచ్చింది. ఎందుకు కావాలో కూడా చెప్పింది. ద్వీపానికి ఈశాన్యాన నేల బంకమట్టి. వాన పడ్డప్పుడల్లా కొండవాలు జారుతుంది. ఆమె పుట్టిన ఊరు ఆ వాలు మీదే ఉంది. గోడలు బీటలు వారి, రోడ్డు మధ్యలో విరిగి, ఇక అక్కడ ఉండలేని స్థితి. ఊరిని పైనున్న రాతినేల మీదికి మార్చాలి. స్థలాలు రెండు మూడు చూశారు. ఏది కావాలో ఊళ్ళో పెద్దవాళ్ళే ఎంచుకోవాలి. వాళ్ళకు మ్యాపు చూపిస్తే తల ఊపుతారు గానీ నమ్మరు. చేత్తో తడిమి చూసుకోవడానికి ఒక వస్తువు కావాలి.

ఆమె ఇచ్చిన మ్యాపులు పాతవి, కాగితం మీద అచ్చువేసినవాటికి స్కాన్లు. ఊరి పెద్దలకు తెలిసిన పేర్లన్నీ వాటి మీదే ఉన్నాయని అవే ఇచ్చింది. ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ మ్యాపు మీద వంకర గీతలు ఉంటాయి. ఒక్కో గీతకు ఒక్కో చెక్క రేకు కోసి, ఒకదాని మీద ఒకటి అంటిస్తే నేల ఆకారం లేస్తుంది. గీత లోపల గీత, దాని లోపల ఇంకో గీత చుట్టుకుని ఉంటే అది గుట్ట. గీత మీద ఎత్తు రాసి లేకపోతే, లోపలికి వెళ్ళేకొద్దీ ఒక్కో మెట్టు పైకి ఎక్కించడం మా ఆనవాయితీ. సింగపూర్ పనులన్నిటిలోనూ ఆ ఆనవాయితీ ఎప్పుడూ తప్పలేదు.

బార్బడోస్ మ్యాపు మీద కొన్ని చుట్టు గీతలకు లోపలి వైపు సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు ఉన్నాయి. అక్క వాటిని చూసి పళ్ళు నూరింది.

"ఏందక్కా అవి?" అన్నాను నేను.

"పాత కాగితం కద తమ్ముడూ, బూజు పట్టుంటాది. స్కాన్ చేసేటప్పుడు కూడా పడతాయి. ఇరు, ఉండు, అన్నీ తీసేస్తాను."

కంప్యూటర్‌తో పోయినవి పోగా, మిగిలినవాటిని కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కొక్కటే వెతికి చెరిపేసింది. రోజులు పట్టింది. చివరికి మ్యాపు కడిగిన ముత్యంలా వచ్చింది. బాస్ చూసి కిందికి వెళ్ళి కాఫీ తెచ్చాడు. ద్వీపం పలకలు పలకలుగా కోసి, అంటించి, రంగు వేశాను. సముద్రం నుంచి మెట్లు మెట్లుగా లేస్తున్న నేల, మెట్ల మీద ముద్దుగా చిన్న చిన్న గుట్టలు. మేమందరం చూసి మురిసిపోయాం. నది ఒక్కటీ సరిగా లేదేంటని మాత్రం ఎవరికీ అనిపించలేదు.

ఆ అధికారిణి తన తిరుగు ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే వర్క్‌షాపుకి వచ్చింది. పొడుగు మనిషి, అప్పుడప్పుడే నెరుస్తున్న జుట్టు, నవ్వు ముఖం. పెద్ద పలకలు తర్వాత ఓడలో వెళ్ళాలని, ఊరి సభకు కావలసిన ఒక్క పలక మాత్రం తనతో విమానంలో తీసుకువెళతానని ముందే అనుకున్నారు. సభ వచ్చే వారమే.

పలక చుట్టూ తిరిగింది. పడమటి ఒడ్డు నుంచి మెట్లను వేలితో ఎక్కుతూ వచ్చింది. "ఇవన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్లు" అంది మాతో. "మా చుట్టుపక్కల ద్వీపాలన్నీ అగ్నిపర్వతాలు. మాది కాదు. సముద్రం అడుగున పగడపు పురుగులు కట్టిన రాయి, మెల్లగా పైకి లేచింది. లేచి ఆగిన చోటల్లా ఒక మెట్టు." ఈశాన్యంలో ఆ రాయి ఊడిపోయి కింది మట్టి బయటపడ్డ చోటు చూపించి, తన ఊరు ఇదేనంది. ఊరి పైన అంచు ఎక్కింది ఆమె వేలు. అక్కడ ఆగింది.

"మా క్రికెట్ గ్రౌండ్ ఎక్కడ?" అంది.

అక్క మ్యాపు చూసి పేరు వెతికి, ఒక గుట్ట మీద వేలు పెట్టింది. నమూనా మీద చూస్తే ఊరు కట్టడానికి అన్నిటికంటే బాగున్న చోటు అదే. చదునైన నెత్తి, చుట్టూ గాలి.

అధికారిణి పెద్దగా నవ్వింది. "దీని మీద ఆడితే మా బంతి సముద్రంలో పడేది" అంది. "మేము గుంటలో ఆడేవాళ్ళం. ఎవరు ఎంత గట్టిగా కొట్టినా, బంతి దొర్లుకుంటూ మళ్ళీ మధ్యకే వచ్చేది. వెతుక్కునే పని ఉండేది కాదు."

నా బల్ల మీద ఒక ఉక్కు గోలీ ఉంటే తీసుకుని ఆ గుట్ట నెత్తిన పెట్టింది. అది దొర్లి, మెట్లు దిగి, నేల మీద పడి ఎటో పోయింది. ఆమె ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. పక్క గుట్ట చూసింది. దాని పక్కది చూసింది. "ఇవన్నీ గుంటలు" అంది నెమ్మదిగా. "మా ద్వీపంలో వాన నీళ్ళు సముద్రానికి పరుగెత్తవు. ఇటువంటి గుంటల్లోకి చేరి, రాతిలోకి ఇంకిపోతాయి. మా నదులు కిందనే ఉంటాయి. పెద్ద వాన వస్తే ఇంకేలోపు ఈ గుంటలో నీళ్ళు కిటికీల దాకా నిలుస్తాయి. మీరు చూపించే ఈ గుట్ట మీద మావాళ్ళు ఇళ్ళు కోరుకుంటారు."

అక్క వెళ్ళి మొదటి స్కాన్ తెరిచింది. ఆ వెంట్రుక గీతలు అక్కడే ఉన్నాయి. అధికారిణి వేలితో చూపించింది: గీతకు లోపలి వైపు ఆ వెంట్రుకలుంటే నేల కిందికి దిగుతోందని గుర్తు.

"అలామక్, అయ్యయ్యో" అని గొణిగి అక్క కుర్చీలో కూలబడింది.

ఇప్పుడు కుర్రాళ్ళు అడుగుతారు, అంత అనుభవం ఉన్నవాళ్ళకు అది తెలియదా అని. తెలియదు. ఎందుకు తెలియలేదో నేను చాలా ఆలోచించాను. సింగపూర్‌లో మాకు గుంట అనేది ఎప్పుడూ తగల్లేదు. ఇక్కడ పడ్డ ప్రతి చినుక్కూ ఒక కాలువ కట్టి ఉంది. నీళ్ళు నిలిస్తే దోమలు, దోమలుంటే జరిమానా. పూలకుండీ కింద పళ్ళెంలో నీళ్ళు కనబడినా గుండె గుభేలుమనే ఊరు ఇది. నేల తనంతట తాను ఒక గుంట చేసుకుని, అందులో నీళ్ళు దాచుకుంటుందని మా ఊహకు అందలేదు. నేను నాపరాళ్ళ సీమలో పుట్టినవాణ్ణి, రాతి కింద నీళ్ళు పారడం తెలిసినవాణ్ణి. నాకూ తట్టలేదు. దూరపు కొండలు నునుపు అంటారు. మేము దూరపు గుంటల్ని కూడా నున్నగా చేసి కూర్చున్నాం.

బాస్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అన్నాడు: "ఒక నోటు అచ్చు వేద్దాం లా. ఈ గుట్టల్ని గుంటలుగా భావించండి అని. పక్కన అంటిద్దాం. మళ్ళీ గీసి, మళ్ళీ కోయాలంటే వారాలు పడుతుంది. రేపే ఫ్లైటు."

అధికారిణి కోప్పడలేదు. కోప్పడితే మాకు తేలికగా ఉండేది. "మా పెద్దవాళ్ళు మా ప్రభుత్వాన్ని నమ్మరు. నన్నే సరిగా నమ్మరు. కానీ ఇది సింగపూర్‌లో చేశారంటే నమ్ముతారు. నోటు ఎవరూ చదవరు, చెయ్యి పెట్టి చూస్తారు. నాకు భయం అక్కడే" అంది. తన నాయనమ్మ ఆ ఊళ్ళోనే ఉందని, ఆమెకు చూపు కూడా లేదని చెప్పింది.

బాస్ తల దించుకున్నాడు.  తప్పు కంటే నమ్మకమే ఎక్కువ బరువని నాకు ఆరోజు తెలిసింది.

అక్క లేచింది. నా బల్ల దగ్గరికి వచ్చి, ఎప్పుడూ ముఖం చిట్లించే ఆ చెత్తలో చెయ్యి పెట్టి, ఉలి వెతికి తీసింది.

"ఏం చేస్తావక్కా?"

"ఈ పలక ఒక్కటే కద రేపు పొయ్యేది? మిషను వద్దు, గీత వద్దు. చేత్తోనే తవ్వుదాం. మ్యాపు ఇదో, నిలబడే ఉంది." అధికారిణి వైపు చూపించింది.

"జిగురు గట్టిగా పట్టేసిందక్కా. పగిలిపోతాది."

"పగిలితే పగల్నీ. పెలన్ పెలన్ తీద్దాం, నిదానంగా. నువ్వు పట్టుకో."

క్రికెట్ గ్రౌండ్ గుట్ట కింద ఉలి పెట్టి సుత్తితో కొట్టింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. అన్ని రోజుల నా రంగు, నా నునుపు. రెండో దెబ్బకు గుట్ట ఊడి నా చేతిలో పడింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాను.

బాస్ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కోపమొచ్చి పోయాడనుకున్నాను. కాసేపటికి ప్లాస్టిక్ సంచుల్లో కాఫీ, నాసి లెమాక్ అనే కొబ్బరన్నం పొట్లాలు పట్టుకుని వచ్చాడు.  చొక్కా చేతులు మడిచి, పొట్టు ఊడ్చడానికి చీపురు తీసుకున్నాడు. బాస్ చీపురు పట్టడం చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు.

సాయంత్రం వరకూ తవ్వాం. అధికారిణి పక్కన నిలబడి చెబుతూ ఉంది. ఇది ఇంకా లోతు. ఇక్కడ అంచు నిటారుగా ఉండాలి, మా మామయ్య గాడిద ఇక్కడ జారింది. ఈ గుంట నీళ్ళు వెంటనే మింగేస్తుంది. ఆ గుంట రెండు మూడు రోజులు పట్టుకుంటుంది, బాతులు కూడా దిగుతాయి. అక్క ప్రతి దానికీ "బొలే, బొలే" అంటూ తవ్వింది. సరే, అవుతుంది అని అర్థం. కళ్ళద్దాలకు చెక్క పొడి పట్టింది. ఆమె తెల్ల కుర్తా నిండా రంగు పొట్టు. తుడుచుకోలేదు. మధ్యలో ఒకసారి మాత్రం నాతో అంది:

"మనం ఉండే చోటి పేరేంది తమ్ముడూ? కాకి బుకిట్. మలాయ్‌లో కొండ పాదం. కొండ కింద కూర్చుని కొండేదో గుంటేదో తెలీలేదు మనకి."

నవ్వాను. ఆమె నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అన్నేళ్ళుగా గీతలు శుభ్రం చేసిన చెయ్యి అది, చెరిపేసినవాటిలో ఎన్నిటికి అర్థం ఉండిందో అని ఆమె బాధ. నేను ఓదార్చబోయి ఊరుకున్నాను. ఓదారిస్తే ఇంకా కుంగిపోయే మనిషి.

గుంటలు నున్నగా రాలేదు. ఉలి గాట్లు కనబడుతున్నాయి. నేను ఉప్పుకాగితంతో రుద్దబోతే అధికారిణి వద్దంది. చెయ్యి పెడితే తెలియాలి, నాయనమ్మ కోసం అంది. రంగు వేసి, పైన వార్నిష్ పూసి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. బుడగల కవరులో చుట్టి ఇస్తే, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని టాక్సీ ఎక్కింది. లండన్ మీదుగా వెళ్ళాలట. ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటానంది.

మిగతా పలకలు మళ్ళీ గీయడం మొదలుపెట్టాం. అక్క వెంట్రుక గీతలన్నీ వెనక్కి తెచ్చి, ఒక్కొక్కదాన్నీ చూసి, ఎత్తులు మార్చింది. బాస్ రోజూ చెక్క ఖర్చు గురించి సణిగాడు, ఎవరినీ ఆగమని మాత్రం అనలేదు. కానీ మా ముగ్గురి మనసూ ఆ ఒక్క పలక మీదే ఉంది. చేత్తో తవ్విన గుంట లోతు సరిపోయిందా, చూపు లేని ముసలమ్మ వేలికి తెలిసిందా, లేక ఇంకో చోట ఇంకేదో తప్పు మిగిలిందా. అక్క మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసేది.

సభ జరిగిన తర్వాత ఒక పొద్దున ఫోను వచ్చింది. వాళ్ళకు అది సాయంత్రం. బాస్ ఫోనును నా బల్ల మీద జిగురు డబ్బాకు ఆనించి పెట్టాడు. ముగ్గురం వంగి చూశాం. ఆమె వెనకాల ఏదో హాలు, కుర్చీలు ఎత్తుతున్న చప్పుడు.

"నాయనమ్మ చెయ్యి పెట్టింది" అంది మొదటగా. "వేలు గుంటలో పడగానే, ఇక్కడే నా మేక మునిగిపోయింది అంది."

బాస్ ఫోనును ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"కానీ మిగతావాళ్ళు అంత తేలిగ్గా నమ్మలేదు. ఒక ముసలాయన లేచి, ఉండండి అని, గ్లాసుడు నీళ్ళు తెచ్చి మీ పలక మీద పోసేశాడు. నేను అరిచేలోపే."

"వార్నిష్!" అన్నాడు బాస్. "వారంటీ లేదు లా."

"నీళ్ళు మెట్లు దిగాయి. చుట్టూ వెళ్ళాయి. వచ్చి క్రికెట్ గ్రౌండ్‌లో నిలబడ్డాయి.  తర్వాత ఆ ముసలాయన తడి లేని గట్టు మీద వేలు పెట్టి, మా ఇళ్ళు ఇక్కడ అన్నాడు. అందరూ సరే అన్నారు."

ఆమె ఫోను తిప్పి పలక చూపించింది. గుంట చుట్టూ నీళ్ళు ఆరిన చోట చెక్క పొంగి, రంగు విడిచి, తెల్లటి మరక గుండ్రంగా మిగిలింది. మా పని మీద అంత పెద్ద మరక నేనెప్పుడూ చూడలేదు. "పాడు చేశాం, క్షమించండి. ఇక్కడ రంగు వేసే మనిషి ఉన్నాడు, సరిచేయించమంటారా?" అంది.

అక్క ఇంగ్లీషులో జవాబు చెప్పాలని నోరు తెరిచింది. అంతలోనే ఆగి, నా మోచెయ్యి పట్టుకుంది.

"వద్దని చెప్పు తమ్ముడూ" అంది. "ఆ మరక ఎవరినీ తుడవనియ్యొద్దని చెప్పు."